అత్తయ్య వంతు

మా ఇంటి పంపకాల దస్తావేజులో ‘ఉమ్మడి’ అన్న మాట మూడుచోట్లే ఉంది. నుయ్యి ఉమ్మడి. వీధి గుమ్మంలోంచి పెరట్లోకి పోయే నడవ ఉమ్మడి. చేలోకి దిగే బాట ఉమ్మడి. మిగతాదంతా తూర్పు వాటా, పడమటి వాటా, కొబ్బరిచెట్లు ఇన్ని, ఇత్తడి ఇంత తూకం. మొత్తం పదకొండు పేజీలు. 1987 ఫిబ్రవరిలో రాసిన కాగితం అది. అప్పటికి నాకు ఇరవై ఒకటో ఏడు నడుస్తోంది. దాని మీద నా సంతకం కూడా ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మా ఊరు కొత్తపేటకి నాలుగు మైళ్ళు. ఇటు గౌతమి, అటు వశిష్ఠ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవలు పారి, గాదెలు నిండాకే ఈ గడ్డమీద అంతంత ఇళ్ళు లేచాయి. మాది మా ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి. దూలాలకీ స్తంభాలకీ వాడిన టేకు పైనుంచి తెప్పలు కట్టి గోదావరి మీద తెచ్చారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. నాలుగు వేపులా వసారాలు, నాలుగు వసారాల పెంకూ లోపలికే వాలు. వాన కురిస్తే ఇంట్లోనే కురిసేది. నాలుగు మూలలా గంగాళాలు పెట్టేవారు. అవి నిండి పొర్లి, నీళ్ళు మండువాలోకి దిగి, ఆగ్నేయం మూలనున్న తూములోంచి పెరట్లోకి పోయేవి. తూముకి అడ్డంగా కాలు పెట్టి మేము నీళ్ళు ఆపేవాళ్ళం. పిల్లలం తొమ్మిదిమందిమి. ఎవరు ఎవరి పిల్లలో అన్నం పెట్టేవాళ్ళు చూసేవారు కాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇరవై రోజులూ నన్ను ఎత్తుకుని తిప్పింది మా దొడ్డమ్మ. అమ్మ అప్పుడు పురుటికి వెళ్ళింది. నేను అమ్మకోసం ఏడ్చినట్టు నాకే గుర్తులేదు.

ఇంట్లో ఇరవైరెండు మంది. తాతయ్య, పెదనాన్న, నాన్న, ఇద్దరు చిన్నాన్నలు, వాళ్ళ సంసారాలు, మామ్మ వేపు చుట్టం ఒకాయన, చదువుకోవడానికి వచ్చి ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు. భోజనాలు మూడు బంతులు. మొదట పిల్లలు, తర్వాత మగవాళ్ళు, తర్వాత ఆడవాళ్ళు. మూడో బంతి కూడా లేచాక, మడిబట్ట కట్టుకుని, వంటింటి గుమ్మానికి ఓ పక్కగా ఆకు వేసుకుని కూర్చునేది పెద్దత్తయ్య, మా నాన్నకి అక్క. ఆవిడకి అదొక్కటే పూట. రాత్రికి ఉప్పుడుపిండో, అట్టు ముక్కో.

పెరట్లో పాలేళ్ళు తినేవారు, వాళ్ళ కంచాలు వేరు, వాళ్ళ నీళ్ళ కుండ వేరు. ఉమ్మడి అని మేమెంత చెప్పుకున్నా అది వాళ్ళదాకా వెళ్ళింది కాదు. ఇది కూడా రాయకపోతే ఆ ఇంటి గురించి నేను నిజం రాసినట్టు కాదు.

పెద్దత్తయ్య వంటిల్లు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. కొబ్బరి డొక్కలు మండే మూడు పొయ్యిలు. పక్కన దాలిగుంటలో పిడకల సెగ మీద సాయంత్రందాకా ఎర్రగా కాగే పాలు. పులుసుకి రాచ్చిప్ప. తెల్లవారుజామునే లేచి పనసాకులు కుట్టి బుట్టలు చేసి, వాటిలో పిండి పోసి పొట్టిక్కలు ఉడికించేది. ఒక్కో బుట్టకీ నాలుగాకులు, పొద్దున్నకి అరవై బుట్టలు. ఎండాకాలంలో కాలవలు కట్టేశాక ఆవకాయ. ‘కొత్తపల్లి కొబ్బరి’ కాయలు బండిమీద వచ్చేవి. కత్తిపీట ముందు కూర్చున్న ఆవిడ చెయ్యి మధ్యాన్నందాకా ఆగేది కాదు. ఆ చేతి బొటనవేలు పక్కన చర్మం గట్టిపడి గోరు రంగుకి వచ్చేసింది.

అత్తయ్య పెళ్ళి యానాంలో జరిగింది. 1930 ఏప్రిల్ నుంచి శారదా చట్టం అమల్లోకి వచ్చి, మన వేపు చిన్నపిల్లల పెళ్ళిళ్ళు నేరమయ్యాయి. యానాం ఫ్రెంచి వాళ్ళది, అక్కడ ఆ చట్టం లేదు. అందుకని గోదావరి జిల్లాల వాళ్ళు పడవలు కట్టుకుని యానాం పోయి పెళ్ళిళ్ళు చేసుకొచ్చేవారు. దానికి కళ్యాణపురం అన్న పేరు అందుకే వచ్చింది. అత్తయ్యకి అప్పుడు ఏడేళ్ళు. పడవలో పూతరేకులు పెట్టారని, తనకి రెండు దక్కాయని చెప్పేది. తన పన్నెండో ఏట, 1936లో, భర్త పోయారు. పుట్టింటికి తీసుకొచ్చారు. ఇక ఆ వంటిల్లే.

ఆ మరుసటి ఏడాదే, 1937లో, భర్త ఆస్తిలో వితంతువుకి బతికినన్నాళ్ళూ హక్కు ఇస్తూ చట్టం వచ్చింది. అంతకుముందే పోయినవాళ్ళ భార్యలకి అది వర్తించదు. 1956 చట్టం తండ్రి వాటాలో కూతుళ్ళకీ భాగం ఉందన్నది. 1979లో తాతయ్య పోయారు. పన్నెండో రోజు అయ్యాక తణుకు అత్తయ్య, కాకినాడ అత్తయ్య, పెద్దత్తయ్య ముగ్గురూ వరసగా కూర్చుని హక్కు విడుదల కాగితం మీద సంతకాలు చేశారు. ఇద్దరికీ చీరలు పెట్టారు. పెద్దత్తయ్యకి తెల్లపంచెల జత. మళ్ళీ 1985లో మన రాష్ట్రంలో పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. అత్తయ్యకి పెళ్ళయింది కదా, యానాంలో, ఏడేళ్ళప్పుడు. ఆ చట్టమూ ఆవిణ్ణి దాటుకుని పోయింది.

కథలమీద నాకు పిచ్చి పట్టింది ఆ ఇంట్లోనే. కొత్తపేట గ్రంథాలయంలోంచి అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’ తెచ్చుకుని చదివినప్పుడు నాకు పదిహేనేళ్ళు. నాయకుడిది కొత్తపేట! మా కొత్తపేట! నిండైన ఇల్లు, తండ్రి మాటంటే గౌరవం, అన్నదమ్ముల ప్రేమ. అది మా ఇల్లే అనుకున్నాను. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీలో బహుమతిని ఆ నవలకీ విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’కీ కలిపి పంచారు. ఒకటి నిలబడ్డ ఇంటి కథ, రెండోది కూలిపోతున్న వ్యవస్థ కథ. ఇంకా వెనక్కి వెళ్తే, 1878లో వీరేశలింగం పంతులు గారు రాసిన ‘రాజశేఖర చరిత్రము’ కథ ధవళేశ్వరంలోనే మొదలవుతుంది. ఇంటినిండా చుట్టాలూ ఆశ్రితులూ. డబ్బు పోగానే వాళ్ళలో ఎవరూ కనబడరు. తెలుగు నవల పుట్టుకే మా గోదావరి ఒడ్డున, ఇంటెడు బలగం చెదిరిపోవడంతో జరిగింది.

సినిమాల్లో మాత్రం మళ్ళీ కలిసిపోయేవారు. ‘కలసి ఉంటే కలదు సుఖం’ మేము టూరింగు టాకీసులో చూశాం. దొడ్డమ్మ కొంగు తడిసిపోయింది. ఆ సినిమాకి తమిళ మాతృక ‘భాగప్పిరివినై’ అనీ, ఆ మాటకి అర్థం భాగ పంపకమనీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అరవం వాళ్ళు పంపకం అని పేరు పెడితే మనవాళ్ళు కలిసుండటం అని పెట్టారు. మనకి ఆ మాట వినడమే ఇష్టం లేదు.

రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నప్పుడు గౌతమీ గ్రంథాలయంలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలు దొరికాయి. ఆయనది అప్పట్లో మా జిల్లానే, పొలమూరు. ‘అరికాళ్ళ కింద మంటలు’ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పుట్టింట్లో చాకిరీ చేసే పడుచు వితంతువు. ఇంట్లో అందరికీ ఆమెతోనే పని. ఓ రాత్రి ఇల్లు దాటి, జట్కా ఎక్కి, రాజమండ్రిలో వితంతువులకి ఆసరా ఇచ్చే వీరేశలింగం పంతులు గారి తోటకి బయల్దేరుతుంది. మన నవలలు ఉమ్మడి ఇంటిని వీధి అరుగు మీంచి చూశాయి. శాస్త్రిగారు పొయ్యి దగ్గర్నించి చూశారు. ఆ కథలో నాకు కనబడింది మా వంటిల్లు.

1985 వేసవికి ఆ పుస్తకం ఇంటికి తెచ్చాను. అత్తయ్య చింతపండు ఈనెలు తీస్తూంటే పక్కన కూర్చుని కథంతా చదివి వినిపించాను. ఏమంటుందోనని భయపడుతూనే చదివాను. అయిపోయింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది:

“ఆ పిల్లకి అక్కడ అన్నం ఎవరు పెట్టారే?”

కథ అక్కడిదాకా రాదు అత్తయ్యా అన్నాను.

“గౌతమి దాటితే రాజమండ్రేగా” అంది. “ఒక్క రేవు.”

అంతే. గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ చిన్నతనంలో వంతెన లేదు, జొన్నాడ దగ్గర పడవెక్కాలి. ఎన్నేళ్ళు ఆ రేవుని మనసులో పెట్టుకుని పొట్టిక్కల బుట్టలు కుట్టిందో, నేను మళ్ళీ అడగలేకపోయాను.

కథల్లో ఇల్లు విడిపోవాలంటే బయటినుంచి ఓ గయ్యాళి కోడలు రావాలి. లేకపోతే చెప్పుడు మాటలు చెప్పే చుట్టం ఉండాలి. మా ఇంట్లో అలాంటిదేమీ జరగలేదు. మా అమ్మా, పిన్నులూ, దొడ్డమ్మా కసుర్లాడుకున్నారు, మళ్ళీ ఒకరి తలలు ఒకరు దువ్వుకున్నారు. ఇల్లు విడిపోయింది జీతాల దగ్గర. పెద్ద చిన్నాన్నది విశాఖపట్నంలో ఉద్యోగం. మొదట నెలనెలా మనియార్డరు వచ్చేది, తర్వాత పండగలకి, తర్వాత అదీ లేదు. తప్పు పట్టడానికి లేదు. చదువుకి ఉమ్మడి సొమ్మే ఖర్చు పెట్టినా, ఆ చదువుతో గడించింది గడించినవాడిదేనని 1930లోనే చట్టం చెప్పింది. చదువుకున్న కొడుకు ఉద్యోగానికి రైలెక్కిన రోజే ఉమ్మడి ఇంటికి మొదటి బీట. 1975లో భూమి సీలింగు డిక్లరేషన్లు ఇచ్చినప్పుడు అన్నదమ్ముల వాటాలు కాగితం మీద విడివిడిగా పడ్డాయి. పొయ్యి మాత్రం ఒకటే ఉండిపోయింది, దాన్ని వెలిగించే మనిషి ఉంది కనుక.

ఆఖరి దెబ్బ 1986 ఆగస్టు వరద. ముసలివాళ్ళు కూడా అంత గోదావరి చూడలేదన్నారు. మండువాలో మొలలోతు నీళ్ళు. మేమంతా అటకెక్కాం. వీధిలో పూరిళ్ళవాళ్ళు మా అరుగులమీదికి, అక్కణ్ణించి గాదెలమీదికి వచ్చారు. అత్తయ్య అటకమీద కుంపటి పెట్టి నాలుగు రోజులు గంజి కాచి పోసింది, మడీ లేదు, బంతులూ లేవు. పెరట్లో తినే పాలేళ్ళు మొదటిసారి మాతో కూర్చుని మా కంచాల్లో తిన్నారు. ఉమ్మడి అన్న మాటకి అర్థం ఆ నాలుగు రోజులే చూశాను.

నీళ్ళు తీశాక పెరటి గోడ పడిపోయింది. పడమటి వసారా కుంగింది. బాగుచేయించడానికి డబ్బెవరు పెట్టాలి? ఊళ్ళో ఉండి చేను చేసేవాళ్ళా, జీతాలు తెచ్చుకునేవాళ్ళా? సంక్రాంతికి అందరూ వచ్చారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పిల్లల్ని తీసుకుని వెళ్ళి వచ్చాం. వచ్చేసరికి మాట అయిపోయింది.

పెద్దమనుషులు కూర్చున్నారు. అమీను గొలుసు పట్టుకుని మండువా కొలిచాడు. చీట్లు రాసి ఇత్తడి చెంబులో వేసి మా చిట్టిచెల్లెలి చేత తీయించారు. కొబ్బరిచెట్లకి సున్నంతో అంకెలు వేశారు. వకీలుగారు, కొత్త చట్టం వచ్చింది కాబట్టి పెళ్ళికాని ఆడపిల్లల సంతకాలు కూడా ఉండాలన్నారు. నన్ను పిలిచారు. పెట్టాను. నాకు హక్కుంది, నేను వదులుకుంటున్నాను అన్న పంతమో, పెద్దవాళ్ళు పిలిచి కలం ఇచ్చారన్న గొప్పో, ఆ క్షణంలో ఏముందో ఇప్పుడు చెప్పలేను. నా వెనక గుమ్మంలో మజ్జిగ గ్లాసుల పళ్ళెం పట్టుకుని అత్తయ్య నిలబడి ఉంది. అక్కడ నోరున్న ఆడపిల్లని నేనే. ఆవిడ సంగతి ఏమిటని నేను అడగలేదు. నలభై ఏళ్ళు కావస్తోంది, ఇంకా అడగని ఆ మాట నా గొంతులోనే ఉంది.

వేసవిలో మండువా మధ్యగా గోడ లేచింది. తూము తూర్పు వాటాలో పడింది. పడమటి వాటాలో కురిసిన వాన పోయే దారిలేక నిలవుండిపోయేది. మరకలు పడ్డాయి, పాచి పట్టింది, చివరికి ఆ వేపు రేకులు కప్పేశారు. ఆ రేకులమీద వాన చప్పుడుకి అత్తయ్యకి నిద్ర పట్టేది కాదు.

అత్తయ్యకి వంతులు వేశారు. ఒక్కో తమ్ముడింట్లో మూడు నెలలు, పెదనాన్నగారింట్లో మూడు నెలలు. ట్రంకుపెట్టె, రాచ్చిప్ప, మడిబట్ట ఆరవేసుకునే దండెం కర్ర. విశాఖపట్నం వంతు వచ్చినప్పుడు రాచ్చిప్ప ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చునేది. ఎవరింట్లో ఉంటే వాళ్ళింట్లో వంట. ఎవరూ ఆవిణ్ణి ఓ మాట అనలేదు, పెట్టాల్సింది పెట్టారు. కాని వంతు అయిపోయే రోజు దగ్గర పడితే కేలండరు వేపు చూసేవారు, ఆవిడ కూడా చూసేది.

1991 పుష్కరాలకి నేను తీసుకెళ్ళాను. బస్సు జొన్నాడ వంతెన మీదికి ఎక్కగానే కిటికీ ఊచలు పట్టుకుని గౌతమిని ఆ ఒడ్డుదాకా చూసింది. రాజమండ్రిలో స్నానం అయ్యాక, జనంలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “పంతులుగారి తోట ఎక్కడే?” అంది. రిక్షా మాట్లాడి తీసుకెళ్ళాను. గేటు దగ్గర దిగి చెట్లవేపు చూస్తూ నిలబడింది. లోపలికి రానంది. కొంతసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, “పద, బస్సు తప్పిపోతుంది” అంది. తిరిగి వచ్చేదాకా మాట్లాడలేదు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపానుకి, సున్నంతో అంకెలు వేసి పంచుకున్న కొబ్బరిచెట్లు సగానికి పైగా నేలకొరిగాయి. అన్నదమ్ములు నలుగురూ ఆ ఉదయం ఒక్కచోట నిలబడి చూశారు. 1998లో అత్తయ్య పోయింది. పోయిన రోజు ఎవరి వంతు, కర్మ ఖర్చు ఎవరిది అన్న ప్రశ్న వచ్చింది. దస్తావేజులో అది రాయలేదు. నాలుగు భాగాలు వేశారు. పెళ్ళయిన కూతుళ్ళకి కూడా ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ 2005లో దేశమంతటికీ చట్టం మారేసరికి ఆవిడ లేదు. 2009లో ఇల్లు పడగొట్టి టేకు ఘనపుటడుగుల లెక్కన అమ్మేశారు.

ఈ మధ్య ఎం.టి. వాసుదేవన్ నాయర్ ‘నాలుకెట్టు’ అనువాదంలో చదివాను. 1958లో వచ్చిన మలయాళ నవల. నాలుకెట్టు అంటే మన మండువా లోగిలి లాంటిదే, నడుమ వాకిలి, నాలుగు వేపులా ఇల్లు. ఆ ఇంట్లో అవమానపడి పెరిగిన కుర్రాడు డబ్బు సంపాదించి అదే ఇల్లు కొంటాడు. కొని, దీన్ని పడగొట్టి, గాలీ వెలుతురూ వచ్చే చిన్న ఇల్లు కట్టిస్తానంటాడు. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నాకు మా ఇల్లు కావాలి. ఆ వాన, ఆ గంగాళాలు, టైఫాయిడ్‌లో నన్ను మోసిన దొడ్డమ్మ భుజం, అన్నీ కావాలి. అత్తయ్య మూడు బంతులూ లేచేదాకా ఆగనక్కర్లేకుండా కావాలి. అలాంటి ఇల్లు మా కోనసీమలో నేను చూడలేదు.

దస్తావేజు నకలు నా దగ్గర ఉంది. తొమ్మిదో పేజీలో ఇత్తడి సామాను జాబితా. దాని కింద పశువులు: కాడి ఎద్దులు, రెండు పాడిగేదెలు, ఆవు, పెయ్యదూడ. దాని కింద మనోవర్తి అని రాసి, నల్వురమున్ను వంతుల చొప్పున పోషించునట్లు అత్తయ్య పేరు. మీ ఇంట్లో కూడా ఇలాంటి కాగితం పెట్టెలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఓసారి తీసి చూడండి, అందరికీ వండిపెట్టిన మనిషి పేరు ఏ పేజీలో, దేని కింద ఉందో.